వెనక బెంచీకి సెలవు

రజిత మేడం కోపిష్టి మనిషేం కాదు. కానీ క్లాసులో ఎవరూ ఎదురు చెప్పకపోతే మాత్రం ఆమెకు ఎక్కడ లేని కోపం వచ్చేది. కాపురం సూర్యాపేటలో. పొద్దున్నే బస్సెక్కి కోదాడలో దిగి, అక్కడో ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్పేది. భర్త నరేందర్ మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో గుమాస్తా. రోజూ బస్టాండు దాకా కలిసి నడిచి, చెరో బస్సెక్కి చెరో దిక్కుకు పోయేవారు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. జూన్‌లో మళ్లీ రమ్మంటే ఉన్నట్టు, లేదంటే ఇంట్లో కూర్చున్నట్టు.

ఆమెకు ప్రాణమైన పాఠం ఒకటుంది. చదువు గురించి మార్క్సిస్టులు ఏమంటారన్నది ఆ పాఠం. అది వచ్చిందంటే చాలు, కొంగు దోపుకుని మొదలుపెట్టేది. బడి గంటకూ మిల్లు సైరనుకూ తేడా ఏముంది? అక్కడ మేస్త్రీ, ఇక్కడ సారు. అక్కడ కూలి, ఇక్కడ మార్కులు. లైనులో నిలబడు, అడిగితేనే మాట్లాడు, చెప్పింది చెయ్యి. లెక్కలకంటే, ఎక్కాలకంటే ముందు బడి నేర్పేది ఇదేనట. రేపు యజమానికి కావాల్సింది కూడా ఇలాంటి మనిషే మరి! ఉన్నోళ్ల పిల్లలు సగం చదువు ఇంట్లోనే నేర్చుకుని వచ్చి ఫస్టు వస్తారు. లేనోళ్ల పిల్లలు వెనకబడిపోయి, మాకు బుర్ర లేదని తమను తామే తిట్టుకుంటారు. ఎవరు ఆఫీసరో ఎవరు హమాలీనో పుట్టుకే ముందుగా తేల్చేస్తే, బడి దాని మీద ముద్ర కొడుతుందని ఆమె గొంతు బొంగురుపోయేలా చెప్పేది.

చెప్పి, ఏమంటారని అడిగేది. మేళ్లచెరువు నుంచీ నేరేడుచర్ల నుంచీ చిలుకూరు నుంచీ వచ్చిన పిల్లలు ఏమీ అనేవారు కాదు. తల వంచుకుని రాసుకునేవారు. టీచరు చెప్పిందల్లా నమ్మొద్దు అంటే అదీ రాసుకుని, కింద గీత కూడా గీశారు. ఒకరోజు ఒళ్లు మండి, సూర్యాపేట సముద్రం ఒడ్డున ఉంది అనేసింది. ఒక్కరు తలెత్తితే ఒట్టు! ముందు బెంచీ మధు మాత్రం, స్పీడు ఎక్కువైందని, జర మళ్లీ చెప్పమని వినయంగా అడిగాడు.

ఇంటికొచ్చి చెబితే నరేందర్ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. పరీక్షలో వస్తుందనుకున్నారేమో పాపం అని ఆటపట్టించాడు. రజితకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఒక్కరంటే ఒక్కరు లేచి కాదు మేడం అంటే చాలనుకుంది.

ఫిబ్రవరిలో కాలేజీని తనిఖీ చెయ్యడానికి బయటినుంచి టీం వస్తుందని కబురొచ్చింది. ఇంకేముంది, గోడలకు సున్నాలు, వరండాలో పూలకుండీలు. ప్రిన్సిపాల్ హడావిడి చూడాలి! ఆయన రజితను పిలిచి, ఆ రోజు క్లాసులో ముందు బెంచీల వాళ్లే ఉండాలన్నాడు. వెనక బెంచీ వాళ్లను ఏమన్నా అడిగితే గుడ్లు తేలేస్తారు, వాళ్లకు సెలవని చెప్పెయ్యమన్నాడు. మీ క్లాసు బాగుంటేనే వచ్చే ఏడు మీ గురించి మేనేజ్‌మెంటుతో మాట్లాడగలను అని కూడా చల్లగా అన్నాడు. రజిత సరే సార్ అని వచ్చేసింది. ఆలోచించనే లేదు, మహాతల్లి.

క్లాసులో చెప్పగానే వెనక బెంచీ కుర్రాళ్లు సంబరపడ్డారు. అప్పుడు ఆ వెనక నుంచే లేచింది పుష్పాబాయి. మేళ్లచెరువు దగ్గరి తండా పిల్ల. తండ్రి సిమెంటు బస్తాల లోడింగుకు పోతాడు. హాజరు పలకడం తప్ప ఆ పిల్ల గొంతు అప్పటిదాకా ఎవరూ విన్నది లేదు.

“నేనైతే ఇంటికాడ ఉండ మేడం. వస్త.”

“ఒక్కరోజే గదా పుష్పా. ప్రిన్సిపాల్ సార్ చెప్పిండు.”

“మమ్మల్ని ఎనక కూసోబెట్టి, మాకు బుర్ర లేదని మాతోనే అనిపిస్తరని మీరే చెప్పిన్రు. గిప్పుడు మీరే మమ్మల్ని దాసిపెడుతున్నరు.”

రజితకు చర్రుమని కోపం వచ్చింది. నా ఉద్యోగం పోతే నువ్వు పెడతావా అన్నం అని అనబోయి నాలుక కరుచుకుంది. ఇన్నాళ్లూ కోరుకున్నది ఇదే కదా! కాకపోతే ఆ మాట తన మీదికే వస్తుందనీ, ఉద్యోగం ఊగులాడుతున్న వేళ వస్తుందనీ అనుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సిగ్గు సగంలో ఉండగానే లోపల ఎక్కడో సంతోషం మొదలైంది. ఇదెక్కడి విడ్డూరమో ఆమెకే అర్థం కాలేదు.

గంట కొట్టగానే ధైర్యం చల్లారకముందే ప్రిన్సిపాల్ గదికి నడిచింది. అందరూ వస్తారనీ, ఎవరినైనా ఆపాలంటే ఆయనే ఆపుకోవాలనీ చెప్పేసింది. ఆయన కుర్చీలోంచి లేచి, మేనేజ్‌మెంటుకు చెప్పడానికి ఫోను తీశాడు. కాసేపు దానివైపే చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. చెబితే ముందు తనకే అక్షింతలు పడతాయని ఆయన భయం. ఆయనకూ పైన ఒకరున్నారు మరి. రానివ్వండి గానీ, ఏమన్నా అయితే నాకు సంబంధం లేదని చేతులు దులుపుకున్నాడు.

టీం వచ్చిన రోజు క్లాసు నిండిపోయింది. టీంలోని పెద్దావిడ ముందు వేసిన కుర్చీ వదిలేసి నేరుగా వెనక్కి పోయి పుష్పాబాయి పక్కన కూర్చుంది. గుమ్మం దగ్గర ప్రిన్సిపాల్‌కు చెమటలు పట్టాయి. అయినా రజిత తన ప్రాణమైన పాఠమే చెప్పింది. చెప్పి, అలవాటు కొద్దీ ఏమంటారని అడిగింది. పుష్పాబాయి లేచింది. అయిపోయింది నా పని అనుకుంది రజిత.

“మీ పాఠం సగం తప్పు మేడం. బడి తల వంచుడే నేర్పుతదంటరు. మరి మొన్న మీకు ఎదురెట్ల చెప్పిన? ఇంట్ల నేర్చుకోలే. మా నాయిన మేస్త్రీ ముంగట నోరే తెరువడు. గీడనే, మీ క్లాసులనే నేర్చుకున్న.”

మధు రాయడం ఆపేశాడు.

“పుష్ప నా పాఠమే సగం తప్పంటున్నది,” అంది రజిత క్లాసు వైపు తిరిగి. “ఇంకెవరన్నా చెప్తరా?”

వెనక నుంచి ఒకడు, అందరికీ పుష్పంత ధైర్యం ఉంటదా అన్నాడు. ధైర్యం కాదు, ఆమెకు దొరికిన టీచరు వేరు అని ముందు నుంచి ఇంకొకరు. అంతే, క్లాసు కాస్తా సంత అయింది. పెద్దావిడ కూడా నవ్వుతూ ఒక పక్షం తీసుకుని వాదనకు దిగింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

సాయంత్రం ప్రిన్సిపాల్ వరండాలో ఎదురొచ్చి, టీం వాళ్లు మీ క్లాసునే మెచ్చుకున్నారనీ, వచ్చే ఏడు కూడా మీరే రావాలనీ చెప్పాడు. రజిత ప్రాణం కుదుటపడింది. ఆయన మాత్రం కదల్లేదు.

“అంతా బానే ఉంది గానీ మేడం, టీం ముందే ఆ అమ్మాయి మీ పాఠం తప్పనేసింది కదా. మీకు కోపం రాలేదా?”

“ఎందుకొస్తది సార్?” అంది రజిత. “ఇన్నేండ్ల సంది చెప్తున్న. నా పాఠం ఇన్నది ఆ పిల్ల ఒక్కతే.”