బావగారితో తెలుగులో

"బావగారూ, మీరు చెప్పింది తప్పండి," అందామె.

ముసుగు గడ్డం దాకా దించుకుని, మొహం బస్తాల వైపు తిప్పుకుని అంది. మండపేటలో మా ఇంటి పక్కనే ఉన్న రైస్ మిల్లుకు తవుడు కోసం వెళ్లిన నేను అప్పుడు గుమస్తా బల్ల దగ్గరే ఉన్నాను. ఎదురుగా ఆమె భర్తకు అన్న, ఒడిశా నుంచి వచ్చిన కూలీలకు మేస్త్రీ. కళ్లంలో ధాన్యం ఎండబెట్టే ఆడవాళ్లను పొట్టు గదిలోకి మారుస్తానని గుమస్తా అంటే, అందరికీ ఇష్టమేనని ఆయన అప్పుడే తలూపాడు.

"ఇద్దరికి దగ్గండి. ఆ దుమ్ములో చెయ్యలేమండి. మమ్మల్ని ఎవరూ అడగలేదండి," అంది గుమస్తాతో.

మేస్త్రీకి కోపం రాలేదు. ఎవరో కొత్త మనిషి మాట్లాడినట్టు చూశాడు. పెళ్లయిన ఆరేళ్లలో మరదలు తనతో మాట్లాడటం అదే మొదలు.

వాళ్లింట్లో భర్త అన్నతో కోడలు మాట్లాడదు. పిలవడానికి ఒక పిలుపు కూడా లేదట. ఈ సంగతులన్నీ మా ఆవిడ నీళ్ల పంపు దగ్గర రాబట్టింది. రోజూ సాయంత్రం బిందెతో వచ్చే ఆమెకు తెలుగు నేర్పింది మా ఆవిడే. మర్యాద మొదటి పాఠం కావడంతో అన్నిటికీ అండి తగిలించేది. గోడెక్కిన మా పిల్లిని కూడా "దిగండి" అనేది.

"పిల్లికి అండి ఏంటే?"

"వయసులో పెద్దదండి, అమ్మగారూ."

"మరి మీ మేస్త్రీకి అన్నం పెట్టానని ఎలా చెబుతావు?"

"చెప్పనండి. కంచం పెట్టి గాజులు ఆడిస్తానండి."

మా ఆవిడ నవ్వింది. "మా వైపు బావగారూ అని పిలుస్తాం. కావలసింది అడుగుతాం."

ఆ పిలుపును రెండుసార్లు మెల్లగా పలికి చూసుకుని బిందె ఎత్తుకుంది.

నేను ఏళ్ల తరబడి పేపరుకు వార్తలు రాశాను. మిల్లుల్లో ఏం తెలుసుకోవాలన్నా మేస్త్రీనే అడిగేవాణ్ని. ఈ మిల్లు కూలీల్లో అందరికంటే తెలుగు బాగా వచ్చిన మనిషి చీపురు పట్టుకుని నా పక్కనుంచే వెళ్లేది. నేనూ ఎప్పుడూ అడగలేదు.

ఆరోజు గుమస్తా, "సరే, ఎవరూ మారక్కర్లేదు. ఇక నుంచి ఆడవాళ్ల తరఫున నువ్వే మేస్త్రీగా ఉండు. మీ బావగారు ఒప్పుకుంటేనే," అన్నాడు.

"మేస్త్రీగారికి మేస్త్రీ దొరికింది," అన్నాడు బస్తాలు మోస్తున్న ఒకాయన. మేస్త్రీ అవుననలేదు, కాదనలేదు.

ఆడవాళ్లు కళ్లంలోనే పనిచేస్తున్నారు. మిల్లులో ఆమె బావగారూ అనే పిలుస్తుంది, ఆయన తల తిప్పుతాడు. ఇంటికెళ్తే మాత్రం మళ్లీ గాజులే. మేస్త్రీ ఒప్పుకున్నాక ఆడవాళ్ల మేస్త్రీగా ఆమె పేరు రాద్దామని హాజరు పుస్తకంలో గుమస్తా వదిలిన వరస మూడు నెలలుగా ఖాళీగానే ఉంది.