కోపంతో అరగదీసిన కరక్కాయ

నాకు తెలిసిన మొదటి పాపం అసూయ. అది మా చెల్లెలి దగ్గుతో పుట్టింది.

అప్పుడు మాది మదరాసు రాష్ట్రంలోని కర్నూలు జిల్లా, గిద్దలూరుకు ఆమడ దూరంలో చిన్న పల్లె. అమ్మా నాయనా పొద్దు పొడవకముందే కూలికి పోయేవాళ్లు. మమ్మల్ని సాకింది నాయన వాళ్లమ్మ, మా అవ్వ. నాకు తొమ్మిదేళ్లు, చెల్లెలికి నాలుగు. ఆ ఏడు వానలకు దాన్ని దగ్గు పట్టుకుంది. ఇక అవ్వ చంక దిగితే ఒట్టు! తేనె దానికి, వేడినీళ్లు దానికి, అవ్వ పక్కలో చోటు దానికి. నాకేమో జొన్నసంగటి, "నీకేం, గుండ్రాయి లెక్క ఉన్నావు" అనే మాట. నాకూ ఒక్క జ్వరం రాకూడదా అని దేవుణ్ణి అడిగాను. ఈ పాడు ఒంటికి తుమ్మయినా రాలేదు.

దగ్గుకు అవ్వ మందు కరక్కాయ. సానరాయి మీద అరగదీసి, చెంచులు తెచ్చి అమ్మే తేనెలో కలిపి నాకించేది. ఆమె వేళ్లు వంకరపోయాయి కాబట్టి అరగదీసే పని నాది. రాయి నా చేతికిచ్చే ముందు రోజూ ఒకటే అడిగేది.

"ఎవరి మీదన్నా కోపముందా పాపా?"

మనసులో కసి పెట్టుకొని చేసిన మందు రోగికి పట్టదని ఆమె నమ్మకం. వేళ్లు బాగున్న రోజుల్లో కూడా, మా అమ్మతో మాటామాటా వచ్చిన పూట తాను ఆ రాయి ముట్టేది కాదట.

"లేదవ్వా" అనేదాన్ని. అని, చెల్లెల్ని తలుచుకొని మరీ పళ్లు కొరుకుతూ రుద్దేదాన్ని.

పది రోజులైనా దగ్గు తగ్గలేదు. ఎదలో పిల్లికూతలు మొదలయ్యాయి. అమ్మ కూలి మానుకొని దాని పక్కన కూర్చుంది. "ఈ బిడ్డ మనకు దక్కదేమో అత్తా" అని ఏడ్చింది. నా మందే దాన్ని చంపుతోందా? అయినా మరునాడు అవ్వ అడిగితే మళ్లీ "లేదవ్వా" అనే అన్నాను.

ఆ ఆదివారం గుడిలో ప్రభువు బల్ల, అంటే యేసు పేరిట రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. చర్చిని మేం గుడి అనే అనేవాళ్లం. రొట్టె తీసుకునే ముందు, ఎవరితోనైనా మనస్పర్థ ఉంటే సమాధానపడమని పాస్టరయ్యగారు చెప్పేవారు. కోళ్ల కోసం, నీళ్ల కోసం జుట్లు పట్టుకున్నవాళ్లు లేచి ఒకరి చేతులొకరు పట్టుకునేవాళ్లు. ఆ రోజు అవ్వ లేచింది. అవ్వకు ఎవరితో తగాదా అని అందరూ తలలు తిప్పారు. చెల్లెల్ని చంకనేసుకొని నేరుగా నా దగ్గరికి వచ్చి, చాప మీద కూలబడి నా చెయ్యి పట్టుకుంది.

"నీకు నా మీద కోపముంది. మన్నించు తల్లీ. నువ్వు మన్నించకుంటే నేను బల్ల కాడికి పోలేను."

అంత పెద్దామె, అందరి ముందరా! నాకు సిగ్గుతో చచ్చినంత పనయింది.

"నీ మీద గాదవ్వా, దీని మీద! అన్నీ దీనికేనా? రోజూ కోపంతోనే అరగదీసినా!" అని బావురుమన్నాను.

చెల్లెలు కళ్లు తెరిచి, "అందుకేనా అక్కా మందు అంత చేదు?" అంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అవ్వ నవ్వలేదు. దాని చెయ్యి నా చేతిలో పెట్టి, బల్ల దగ్గరికి పోయింది.

మరుసటి పొద్దున అవ్వ రాయి తీసింది. ఇక ఆ పని నాకివ్వదనుకున్నాను.

"కోపముందా?" అంది.

చెల్లెలు ఆమె ఒళ్లోనే ఉంది, వెచ్చగా కొంగు కప్పుకొని. లేదనబోయి ఆగాను.

"ఉందవ్వా. ఇంకా ఉంది."

అవ్వ రాయి నా ముందర పెట్టింది.

"ఉంటే ఉండనీలే. చెప్పినావు గదా. అరగదీయి."

ఆ వారంలోనే చెల్లెలి దగ్గు తగ్గింది. అవ్వ చంక మాత్రం దిగలేదు.