విప్పొద్దన్న ఇంజన్

నల్గొండలో దేవరకొండ రోడ్డు మీద నిరోషకు చిన్న షాపు ఉంది. రైతులు చేలల్లో మందు కొట్టే తైవాన్ పంపులు బాగుచేస్తుంది. పత్తికి పురుగు తగిలే నెలల్లో ఆ షాపు ముందు పంపులు బారులు తీరి ఉంటాయి. కొత్తగా వచ్చిన రైతులు లోపలికి తొంగిచూసి, "మెకానిక్ లేడా అమ్మా?" అని అడుగుతారు. నిరోష పంపు అందుకుని, తాడు ఒక్కసారి లాగి, శబ్దం విని, "కార్బరేటర్ల చెత్త పడ్డది. చాయ్ తాగి రాపో" అంటుంది.

ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివిన ఏడు ఆమె ఒక్కతే ఆడపిల్ల. మగపిల్లలు ఆమె చేతికి పానా అందనిచ్చేవాళ్లు కాదు. గోపీకృష్ణ ఒక్కడే తన పానాల డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నువ్వు విప్పు చెల్లె, నేను చూస్త" అన్నాడు.

ఆమెకంటే రెండేళ్లు పెద్దవాడు. ఆ రోజు నుంచి ఆమెకు అన్న. షాపు తెరిచిననాడు కొబ్బరికాయ కూడా అతనితోనే కొట్టించింది.

తర్వాత గోపీకృష్ణ హైదరాబాద్ పోయి, రిమోట్ కార్లు అమ్మే దుకాణంలో చేరాడు. 2018 చివర్లో ఒక ఆదివారం నల్గొండకు వచ్చి కాలేజీ గ్రౌండులో ఒక నైట్రో కారు నడిపి చూపించాడు. మూరెడు పొడుగు కారు. బ్యాటరీతో తిరిగే బొమ్మ కాదు, లోపల నిమ్మకాయంత ఇంజన్ ఉంది. అది కీచుమంటూ దుమ్ము లేపుకుంటూ పోతుంటే జనం చప్పట్లు కొట్టారు. నిరోష కళ్లు మూసుకుని ఆ చప్పుడు విన్నది. తన పంపులాంటి టూస్ట్రోకే, కానీ ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతోంది. పొగలో పెట్రోలు వాసన లేదు, ముక్కుకు తగిలే తియ్యటి ఘాటేదో ఉంది.

"నాగ్గూడ ఒకటి కావాలె అన్నా" అంది.

మూడు నెలలు ఫోనులో వీడియోలు చూసి, ఒక నోటుబుక్కు నింపింది. పెట్రోలు పోస్తే నడవదు, దాని ఇంధనమే వేరు. కొత్త ఇంజన్‌ను మొదట్లోనే ఉరికించకూడదు, నాలుగైదు ట్యాంకులు మెల్లగా తిప్పి సర్దుకోనివ్వాలి. మొదటిసారి కొనేవాళ్లు వేగం చూడకూడదు, విరిగిన ముక్క మళ్లీ దొరుకుతుందా లేదా అన్నది చూసుకోవాలి. ఇదంతా ఆలోచించి, కంపెనీయే బిగించి అమ్మే ఒక చిన్న నైట్రో ట్రక్కును ఎంచుకుంది. దానికి అన్ని విడిభాగాలూ దొరుకుతాయి.

గోపీకృష్ణకు ఫోన్ చేసి చెబితే నవ్వాడు.

"గది పిల్లలాడుకునేది చెల్లె. నీ అసొంటి మెకానిక్‌కు గదేంది? మా దుకాణంల పెద్ద బగ్గీ కారు ఉన్నది. డబ్బా తెరిచి షోకేసుల పెట్టినం గంతే, సుక్క ఇంధనం పొయ్యలే. నీకైతే తగ్గించి ఇప్పిస్త. ఒక్కటి మాత్రం యాది పెట్టుకో, ఇంజన్ విప్పకు. విప్పితే గ్యారంటీ పోతది."

నిరోష నోటుబుక్కు మూసేసింది. చిట్టి ఎత్తుకుని బగ్గీ తెప్పించుకుంది. తల్లి నర్సింగమ్మ గడపలో కూర్చుని చూస్తూ, "బొమ్మకారుకు చిట్టి పైసలా?" అని నెత్తి కొట్టుకుంది.

మొదటి రోజే చేత్తో ఇంజన్ చక్రం తిప్పి చూసింది నిరోష. కొత్త ఇంజన్ అయితే పిస్టన్ పైకి వచ్చేచోట బిర్రుగా పట్టాలి. ఇది ఎక్కడా పట్టడం లేదు. గోపీకృష్ణకు ఫోన్ చేసి అడిగింది.

"షోకేసుల పెట్టినప్పుడు అందరు తిప్పి తిప్పి జర లూజైంది. ఫికర్ చెయ్యకు" అన్నాడు. తన చేతికి తెలిసిన దానికన్నా అతని మాటనే నమ్మింది.

మార్కెట్ యార్డు వెనక ఖాళీ జాగాలో ప్రతి ఆదివారం తాడు లాగేది. ఇంజన్ అంటుకునేది. రెండు నిమిషాలు తిరిగి, వేడెక్కగానే ఆగిపోయేది. చల్లారేదాకా మళ్లీ అంటుకునేది కాదు. ప్లగ్గు మార్చింది. ఇంధనం పాళ్లు మార్చింది.

"కొత్త ఇంజన్‌ను నువ్వే పాడుచేసినవ్ చెల్లె. మెల్లగ తిప్పుమంటే ఉరికిచ్చినవ్" అన్నాడు గోపీకృష్ణ. ఐటీఐ వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఇంకో మాట పెట్టాడు: "మా నిరోష నైట్రో కారును తైవాన్ పంపు అనుకున్నది." అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. ఆమె కూడా ఒకటి పెట్టింది.

ఆ నవ్వు ఆమె వెంట షాపులోకి వచ్చింది. బిగించిన పంపును మళ్లీ విప్పి చూసుకునేది. పదేళ్లుగా వచ్చే రైతు మైసయ్య ఒకనాడు, "ఏందమ్మా, ఒక్క బోల్టు మూడుసార్లు బిగిస్తున్నవ్?" అని అడిగాడు. పానా పక్కన పెట్టింది.

పక్క షాపులో లేత్ మిషన్ నడిపే చోటే మియా రెండు నెలలు ఇదంతా చూశాడు. ఒక మధ్యాహ్నం వచ్చి బగ్గీ పక్కన కూర్చున్నాడు.

"విప్పు బిడ్డా."

"విప్పొద్దన్నడు చాచా. గ్యారంటీ పోతదట."

"నడవని ఇంజన్‌కు గ్యారంటీ ఏంది? ఎవని మాటనో ఎందుకు? నీ చెయ్యి ఏమంటాంది?"

విప్పింది. పిస్టన్ మీద నిలువునా గీతలు. బేరింగులో తుప్పు. చోటే మియా అడుగు రేకును గోటితో గీకితే నల్ల రంగు పెచ్చులుగా లేచింది. కింద రేకంతా రాళ్లకు రాసుకుపోయి ఉంది. ఏళ్ల తరబడి పరుగెత్తిన కారుకు రంగు వేసి కొత్తదని పంపారు.

పిస్టన్‌ను కాగితంలో చుట్టుకుని, బగ్గీని బియ్యం సంచిలో పెట్టుకుని, మరునాడు హైదరాబాద్ బస్సెక్కింది. గోపీకృష్ణ ఆమెను చూడగానే దుకాణంలో నుంచి బయటికి వచ్చి, చాయ్ హోటల్ దగ్గరికి నడిపించాడు. ఆమె అరచేతిలో పిస్టన్ చూపించింది.

"విప్పొద్దన్న గదా" అన్నాడు మెల్లగా.

"ఎవరిది అన్నా, గీ కారు?"

"నాదే. రెండేండ్లు రేసులల్ల తిప్పిన. ఇంజన్ అయిపోయింది, ఎవరు తీస్కోలే."

"మరి నాకెందుకు ఇచ్చినవ్?"

"నీకు తెల్వదనుకున్న చెల్లె. పంపులు చేసుకునేదానివి, గింత దూరం పోతవనుకోలే."

అవసరమొచ్చిందనో, అప్పులున్నాయనో అంటాడనుకుంది. అలా అని ఉంటే ఓర్చుకునేదేమో. పదిహేనేళ్లు తన చేతి పనిని ఎరిగిన మనిషి, తనకు ఇంజన్ తెలియదన్న ధీమాతో ఈ పని చేశాడు. ఆనాడు పానాల డబ్బా ముందు పెట్టి "నేను చూస్త" అన్నది సాయానికా, తమాషాకా? ఇంతకాలం రాని అనుమానం అక్కడ నిలబడి ఉండగా వచ్చింది. సగం పైసలు వాపస్ ఇస్తానని అతను ఏదో అంటున్నాడు. సంచిని బల్ల మీదే వదిలేసి బస్టాండుకు నడిచింది.

ఆ రాత్రి పిస్టన్ ఫొటో గ్రూపులో పెట్టింది. 'గోపన్న కొత్తదని ఇచ్చిన కారుల పిస్టన్' అని కింద ఒక్క ముక్క రాసింది. ఇరవైమందీ మెకానిక్‌లే, ఆ గీతలు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. అందరూ చూశారు. ఒక్కరూ పలకలేదు. తెల్లారి ఎవరో గులాబీపూల శుభోదయం పెట్టారు. ఆమె గ్రూపులోంచి తప్పుకుంది.

రెండేళ్లకు, మొదట తాను ఎంచుకున్న చిన్న ట్రక్కునే కంపెనీ నుంచి నేరుగా తెప్పించుకుంది. చేత్తో తిప్పితే పైన బిర్రుగా పట్టింది. ఐదు ట్యాంకులు ఓపికగా మెల్లగా తిప్పింది. చోటే మియా స్టూలు వేసుకుని చూశాడు. ట్రక్కు యార్డంతా ఆగకుండా తిరిగింది. ఆ సంబరంలో ఫోన్ తీసి, ఎవరికి చేయాలో తోచక మళ్లీ జేబులో పెట్టుకుంది.

పోయిన వానాకాలం గోపీకృష్ణ తండ్రి గాలయ్య పంపు మోసుకుని వచ్చాడు. ఆమె దాన్ని శుభ్రం చేస్తుంటే బెంచీ మీద కూర్చుని మాటల్లో పడ్డాడు.

"మావోడు నీకు ఏదో కారు ఇప్పిచ్చిండట గదా బిడ్డా. మంచిగ నడుస్తాందా?"

"లేదు బాబాయి. నడవలే."

"వాణ్ని అడగకపోయినవా?"

"అడిగిన."

ముసలాయన ఆమె మొహం చూశాడు. తల పంకించి కండువా సర్దుకున్నాడు. నిరోష తాడు లాగింది. పంపు మొదటి లాగుకే అందుకుంది. దాన్ని తనే ఎత్తి ఆయన భుజాన పెట్టి, బస్టాపు దాకా వెంట నడిచి ఎక్కించి వచ్చింది.