ఫోన్ ఎత్తేవాడి పేరు

ప్రసన్నకుమారికి కోపం ఎక్కువని మా షాపులో అందరూ అంటారు. ఎక్కువేమీ కాదు, మిగతావాళ్ళకు రావలసినంత రాదు, అంతే.

తిరుపతిలో కుట్టుమిషన్లు అమ్మి, బాగుచేసే షాపు మాది. ఓనరు దామోదరం. మెకానిక్కును నేను, పేరు చక్రధర్. కౌంటర్లో కూర్చునేది ప్రసన్నకుమారి. ఏర్పేడు నుంచి రోజూ బస్సులో వస్తుంది. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఈ ఉద్యోగంతోనే చదివించింది.

పోయిన ఏడాది దామోదరం కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. కస్టమర్ల పేర్లు, ఊర్లు, ఫోన్ నంబర్లు, మిషన్ల వివరాలు అందులో ఎక్కిస్తే, రిపేరు అయిపోయినా, సర్వీసుకు టైమయినా మెసేజ్ దానంతటదే వెళ్తుంది. ప్రసన్నకుమారి పాత బిల్లులు ముందేసుకుని ఎక్కించడం మొదలుపెట్టింది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఇంట్లో రవికలు కుట్టుకునే ఆడవాళ్ళే. వాళ్ళిచ్చిన నంబర్లు మాత్రం మొగుళ్ళవి. అందుకని పేరు ఆడమనిషిదే రాసి, నంబరు పక్కన ‘భర్త ఫోన్’ అని పెట్టింది. దామోదరం అది చూసి ఎగిరాడు.

"మొగోడు ఫోనెత్తితే ‘నాగులమ్మ గారా’ అని అడగతామా? ఇండ్లల్లో గొడవలొస్తాయి ప్రసన్నా. ఫోన్ ఎత్తేవాడి పేరే పెట్టు."

"ఫోన్ మొగుడిదైతే మిషన్ గూడా మొగుడిదేనా సార్? కొనింది ఆయమ్మ, కుట్టేది ఆయమ్మ."

"నాకు న్యాయాలు సెప్పొద్దు. మార్చు."

మార్చింది. ఆ రోజు కీబోర్డు విరగలేదంటే దాని అదృష్టం.

ఆ నాగులమ్మ పుట్టిల్లు చంద్రగిరి. మొగుడు గోవిందయ్య తాగొచ్చి కొడుతుంటే భరించలేక, మిషన్‌ను ఆటోలో వేసుకుని తల్లి దగ్గరికి వచ్చేసింది. ఇద్దరికీ తిండి ఆ మిషన్ మీదే. మోటారు కాలిపోయిందని మా దగ్గరికి తెచ్చింది. "నాకు ఫోన్ లేదప్పా, నేనే వచ్చి తీసుకుంటా" అని చెప్పి వెళ్ళింది. కంప్యూటర్లో మాత్రం పాత బిల్లులోని మొగుడి నంబరే ఉండిపోయింది.

ఆదివారం నేను మోటారు మార్చాను. ప్రసన్నకుమారి చర్చికి పోయే రోజు కాబట్టి, పని అయిపోయిందని కంప్యూటర్లో దామోదరమే నొక్కాడు. ‘గోవిందయ్య గారూ, మీ మిషన్ సిద్ధంగా ఉంది’ అని మెసేజ్ పోయింది. సాయంత్రానికి ఆ మహానుభావుడు ఊడిపడ్డాడు. దామోదరం అతని ఫోన్లో మెసేజ్ చూశాడు, కంప్యూటర్లో పేరు చూశాడు, మిషన్ ఇచ్చేశాడు. నేను టీ తాగి వచ్చేలోగా అంతా అయిపోయింది.

మరునాడు నాగులమ్మ వచ్చింది. చేతిసంచిలో పెళ్ళివాళ్ళ రవిక గుడ్డలు ఉన్నాయి. సంగతి వినగానే కౌంటర్ దగ్గరే కూలబడింది.

"వాడికి దక్కకూడదనే గదప్పా నేను ఎత్తుకొచ్చుకుంది! మీరే పిలిచి వాని చేతికిచ్చినారా?"

ప్రసన్నకుమారి గోవిందయ్యకు ఫోన్ చేసింది. "నా పేరు మీదుండే మిషన్, అమ్ముకున్నా. నీకేంది?" అని వాడు పెట్టేశాడు. ఆమె లేచి నిలబడింది.

"విన్నారా సార్?"

"కంప్యూటర్లో ఆయన పేరే ఉండాది కదమ్మా..."

"ఆ పేరు రాయమనింది ఎవురు? గొడవలొస్తాయంటిరే, ఇప్పుడు వచ్చిందేంది మరి? ఆయమ్మ కూడు లాక్కోని తాగుబోతు చేతిలో పెట్టినారు. సిగ్గుండాదా సార్ మనకి?"

 ఏదన్నా పాత మిషన్ చూసి ఇద్దాంలే అని దామోదరం గొణిగాడు. ఆమె అద్దాల వెనకున్న కొత్త మిషన్‌ను చూపించింది.

"పాతది గాదు, అది. చక్రధర్, ఎత్తప్పా."

"నా షాపు సరుకు ఇచ్చేదానికి నువ్వెవురు? ఉద్యోగం వద్దా నీకు?"

"తీసేయండి. ఎందుకు తీసేసినారో బజారంతా చెప్పే పోతా."

నేను ఎత్తాను. ఓనరు కళ్ళెదుట ఓనరు మాట వినకపోవడం నాకదే మొదలు. ఒళ్ళంతా హాయిగా ఉంది.

నాగులమ్మను, మిషన్‌ను ఆటో ఎక్కించి వచ్చేసరికి ప్రసన్నకుమారి కంప్యూటర్ ముందు ఉంది. పేరు నాగులమ్మ అని కొట్టింది. ఊరు చంద్రగిరి అని కొట్టింది. ఫోన్ నంబరు లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ముందుకు పోదు. ఆమె దామోదరం నంబరు కొట్టింది.

"మెసేజ్ మీకొస్తాది సార్. మీరే చంద్రగిరికి పోయి ఆయమ్మకు చెప్పండి."

 ఆ వారమంతా కూర్చుని ఆమె మిగతా ఆడవాళ్ళ పేర్లు మళ్ళీ వాళ్ళవే పెట్టింది. తెచ్చినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ మిషన్ ఇవ్వకూడదని ప్రతి పేరు కిందా రాసింది.

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం షాపు ఫోన్ మోగింది. దామోదరం భార్య. మూలన మిషన్ విప్పుకుంటున్న నాకు కూడా ఆవిడ గొంతు వినపడింది.

"మా ఆయన ఫోను ఇంట్లో మర్చిపోయినాడు. ‘నాగులమ్మ గారూ, సర్వీసుకు టైమయింది’ అని వచ్చిండాది. ఎవురు ఈ నాగులమ్మ? ఆమె పేరు మా ఆయన ఫోన్లో ఎందుకుండాది?"

చెప్పొద్దని దామోదరం రెండు చేతులూ ఊపాడు. ప్రసన్నకుమారి ఆయన మొహంలోకే చూస్తూ చెప్పింది.

"మిషన్ ఆయమ్మదమ్మా. ఫోన్ ఒక్కటే సార్ది. ఎందుకట్లయిందో సార్ చెప్తారు."

రిసీవర్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.