కిటికీ ఎటువైపు?

చరిత్రకారులు యుద్ధాలకూ సంధులకూ తేదీలు వేశారు గానీ, మా మావయ్య మొట్టమొదట "కిటికీ ఎటువైపు?" అని అడిగిన ఘడియను ఎవరూ నమోదు చేయకపోవడం ఆ శాస్త్రానికి తీరని లోటు. ఆ ప్రశ్న వల్ల రాజ్యాలేవీ కూలలేదు. మా దుకాణం మాత్రం కూలడానికి శాయశక్తులా ప్రయత్నించింది.

మావయ్య అంటే మా అమ్మకు తమ్ముడు. దుకాణం నాది. అందులో జరిగేది చాలా నిరాడంబరమైన పని. కూజాలో పెట్టిన పొద్దుతిరుగుడు పూల బొమ్మ ఒకటుంది కదా, ప్రపంచమంతా ఎరిగినది, పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచిన ప్రతివాడూ గోడ మీద చూసినది, దానికి చేత్తో నకళ్ళు వేసి అమ్మడం. అచ్చుబొమ్మను గోడకు గుచ్చి, దాని మీద గళ్ళు గీసి, కాన్వాసు మీద అవే గళ్ళు పెద్దవిగా గీసుకుని, ఏ గడిలో రేకును ఆ గడిలో దించాలి. బుర్ర వాడనక్కర్లేదు. మావయ్యతో వచ్చిన చిక్కల్లా, ఆయన వాడతాడు.

"పొద్దు ఎటుంటే అటు తిరిగే పువ్వురా అల్లుడూ. వెలుతురుకి వీపు పెట్టి ఎలా కూర్చుంటుంది?" అన్నది ఆయన సిద్ధాంతం. కాబట్టి బొమ్మను ఏ గోడకు తగిలిస్తారో, ఆ గదిలో కిటికీ ఏ పక్కనుందో తెలిస్తే తప్ప కుంచె ముట్టడు. కిటికీ ఎడమనుంటే పూలన్నీ ఎడమకు, కుడినుంటే కుడికి.

"అసలు బొమ్మలో అలా లేవు కదా మావయ్యా!"

"అది వేసినాయన గదిలో కిటికీ ఎటుందో నువ్వు చూశావా?"

"మరి ఈ తల వేలాడేసిన పువ్వు సంగతేంటి?"

"దానికి ముందు పువ్వు అడ్డొచ్చిందిరా. కిటికీ కనపడక దిగులుపడింది."

మా అమ్మతో మొర పెట్టుకుంటే, "వాడు చిన్నప్పట్నుంచీ అంతేరా. కిటికీ పక్క సీటు ఇస్తే తప్ప బస్సెక్కేవాడు కాదు" అని మురిసిపోయింది.

ఒకసారి నేను భోజనానికి వెళ్ళినప్పుడు ఫోను ఆయన ఎత్తాడు. అవతల ఒక రిటైరైన జడ్జిగారు, బొమ్మ కావాలన్నారు.

"వేస్తామండి. మీ ముందుగదిలో కిటికీ ఎటువైపు?"

"ఎందుకు?"

"పెద్దదేనా? పగలు తెరిచే ఉంచుతారా? అడ్డంగా బీరువాలాంటివి ఏమైనా ఉన్నాయా?"

జడ్జిగారు ఫోను పెట్టేసి, ఇంటి కిటికీలన్నిటికీ ఇనపచువ్వలు పెట్టించారు. బిగించిన వెల్డరు మా వీధివాడే గనక సంగతి నాదాకా వచ్చింది. విని మావయ్య నిజంగా బాధపడ్డాడు. "అయ్యో, చువ్వలా? వెలుతురు తగ్గిపోదూ!"

బొమ్మ అమ్ముడైతే పీడ వదిలిందనుకోవడానికీ లేదు. మా దగ్గర కొన్న ఒక సంగీతం టీచరు ఇల్లు మారింది. కొత్తింట్లో కిటికీ అవతలివైపుందని ఎవరి ద్వారానో తెలిసి, మావయ్య పిలవకుండానే వెళ్ళి, బొమ్మ దింపుకొచ్చి, పూల మెడలన్నీ అటు తిప్పి మళ్ళీ తగిలించి వచ్చాడు. పాపం ఆవిడ మళ్ళీ మారింది. ఈయన మళ్ళీ వెళ్ళాడు. ఇప్పుడా ఇల్లు కారుతున్నా ఆవిడ కదలడం లేదని విన్నాను.

మా ఇంట్లోనూ ఒకటుంది. నా భార్య ఇల్లు సర్దుతూ దాన్ని ఎదురుగోడకు మార్చింది. ఆ ఆదివారం భోజనానికొచ్చిన మావయ్య, ముద్ద కలుపుతూ తలెత్తి చూసి, చెయ్యి కంచంలోనే ఆపేశాడు.

"కూర బాగాలేదా బాబాయిగారూ?" అంది నా భార్య కంగారుగా.

"కూర అమృతం తల్లీ. పూలే గోడకేసి చూస్తున్నాయి."

నేను స్టూలెక్కి పాత చోట మేకు కొట్టాను. నేను దిగేసరికి కూర అయిపోయింది.

ఇన్నీ ఎందుకు భరించానంటే, పసుపు వేయడంలో ఆయనకు సాటి లేదు. పైగా అమ్మకు తమ్ముడు.

అలాంటి రోజుల్లో కొత్తగా కడుతున్న ఒక హోటలు యజమాని వచ్చాడు. గదిగదికీ ఈ బొమ్మే కావాలట. షరతు ఒక్కటే, అన్నీ ఒకేలా ఉండాలి. ఈ ఆర్డరు నిలబడితే దుకాణం నిలబడుతుంది. లేదంటే నేను మా బావమరిది సిమెంటు కొట్లో చేరాలి. ఆ మహానుభావుడు అప్పుడే నాకోసం ఒక స్టూలు తుడిపించి ఉంచాడు.

"మావయ్యా, నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్కసారికీ కిటికీ ఎటని ఎవర్నీ అడగకు."

"అడగనురా."

మాట మీద నిలబడ్డాడు. ఎవర్నీ అడగలేదు. గోడల కొలతలకని వెళ్ళి, హోటలంతా తానే చూసొచ్చాడు. నేను ఫ్రేములవాడి చుట్టూ తిరుగుతుంటే, బొమ్మలు ఆరినవి ఆరినట్టు తీసుకెళ్ళి తానే తగిలించాడు.

హోటలు తెరిచే ముందురోజు మాకు కబురొచ్చింది. యజమాని మమ్మల్ని గదిగదికీ తిప్పాడు. వరండాకు ఇటుపక్క గదుల్లో పూలన్నీ ఎడమకు తిరిగి ఉన్నాయి, అటుపక్క గదుల్లో కుడికి.

"ఏంటయ్యా ఇది? అన్నీ ఒకేలా ఉండాలన్నానా లేదా?"

"ఒకేలాగే ఉన్నాయి కదండీ," అన్నాడు మావయ్య. "అన్నీ కిటికీవైపే."

"దింపేయండి! అన్నీ దింపేయండి! ఇంకెవరిచేతైనా వేయించుకుంటాను!"

నాకు సిమెంటు వాసన వచ్చింది. యజమాని విసవిసా మెట్లు దిగుతుంటే, బతిమాలుతూ వెనకే నేను, తాపీగా నా వెనక మావయ్య. అన్నిటికన్నా కింద, దుప్పట్లు ఇస్త్రీ చేసే గది దగ్గర యజమాని ఠక్కున ఆగాడు. తెరిచిన తలుపులోంచి పసుపు కనబడింది.

"ఇక్కడ బొమ్మ పెట్టమని ఎవరన్నారు?"

ఆవిరి నిండిన గది. పైకప్పు దాకా దుప్పట్లు. పగలే లైటు వేసుకుని ఒకావిడ ఇస్త్రీ చేస్తోంది. ఎదురుగోడ మీది బొమ్మలో పూలు ఎడమకూ లేవు, కుడికీ లేవు. తల వేలాడేసే పువ్వు కూడా మెడ నిలబెట్టి, అన్నీ ఇస్త్రీబల్ల కేసే చూస్తున్నాయి.

"ఆ పెద్దాయనేనండి," అందావిడ మావయ్యను చూపించి. "కొలతలకని వచ్చి, 'రోజంతా ఎక్కడ నిలబడతావమ్మా?' అని అడిగారు. ఇక్కడేనన్నాను. నా కాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీత గీసుకుని వెళ్ళారు. దింపేస్తారాండి? దింపేటట్టయితే ఈ దుప్పట్లు అయ్యేదాకా ఉంచండి."

యజమాని బొమ్మను గుమ్మంలోంచి చూశాడు. పక్కకు జరిగి చూశాడు. తర్వాత, "కాస్త తప్పుకోమ్మా" అని ఆ సుద్దగీతలోకి వెళ్ళి తాను నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. ఎందుకో కాలరు సర్దుకున్నాడు.

"సరే, ఎక్కడివక్కడ ఉండనీండి," అన్నాడు చివరికి, మా మొహాలు చూడకుండా.

మనసులోనే బావమరిది స్టూలు బావమరిదికి అప్పగించాను.

"కానీ నా ఆఫీసు గదికి కూడా ఇలాంటిదే కావాలి. అన్నీ నన్నే చూడాలి."

"తప్పకుండా సార్! ఇవాళే మొదలు..."

మావయ్య తల అడ్డంగా ఊపాడు. నేను ఆయన కాలు తొక్కాను. ఆయన మర్యాదగా కాలు పక్కకు తీసుకున్నాడు.

"కుదరదండి."

"ఏం? ఈ హోటలు నాది కాదా?"

"హోటలు మీదేనండి," అన్నాడు మావయ్య. "కానీ మీ గదికి కిటికీ ఉంది."