కొబ్బరి మట్ట బ్యాటు, ఎర్ర తోలు బంతి

మా మనవడు పెరట్లో కూర్చుని పచ్చి కొబ్బరి మట్టను, మొదలు వెడల్పుగా ఉంచి, పిడి వైపు సన్నంగా చెక్కుతుంటే, కాస్త తీపిగా, కాస్త వగరుగా లేచిన ఆ వాసన వంటింట్లో ఉన్న నా దాకా వచ్చింది. క్రికెట్టంటే మా ఇంటిల్లిపాదికీ సరదా. నాకు మాత్రం ఆ వాసన తగిలితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది గోదావరి పాయల మధ్య చిన్న లంక. వానాకాలమంతా ఎర్రనీళ్ళ మీద పడవే గతి. ఎండాకాలం ఇసుక తేలిందంటే పుచ్చపాదుల పక్కనుంచి, మోకాలి లోతు నీళ్ళలో, చీరలు ఎగగట్టుకుని అవతలి ఒడ్డుకు నడిచిపోయేవాళ్ళం. నాకు పదేళ్ళప్పుడు, శ్రీరామనవమి నాడు, మిరియాల పానకం తాగి వడపప్పు నములుతూ కూర్చున్న మా ముందుకు ఆ ఇసుకలోంచే అమ్మకు చిన్నాన్న అయిన రామన్న తాత నడిచొచ్చాడు. పడుచువాడుగా సముద్రాల అవతల ట్రినిడాడు దీవిలో చెరుకుతోటల పనికి ఓడెక్కిన మనిషి, ముసలివాడై, కోటు తొడుక్కుని, చుట్ట కాలుస్తూ దిగాడు.

వారం తిరక్కుండానే మా చేత కొబ్బరి మట్టలతో బ్యాట్లు చెక్కించి, అరటి నారతో బంతులు చుట్టించి ఆట నేర్పాడు. సాయంత్రం ఇసుకలో కర్రతో అక్కడి దీవులు గీసి వాటి కథ చెప్పేవాడు. మొదట్లో అక్కడ దొరలూ సిపాయిలే ఆడేవారట. బ్యాటు వాళ్ళది, ఎండలో బంతి విసరడం నల్లవాళ్ళ వంతు. విసిరి విసిరి వాళ్ళు దొరల వికెట్లే ఎగరగొట్టే దాకా వచ్చి, ఆదివారాలు కొబ్బరి మట్టలు పట్టుకుని సందుల్లో తమ ఆట తాము మొదలెట్టారట. తర్వాత బార్బడోసు వాళ్ళు ఓడెక్కి ట్రినిడాడు మీదికీ, వీళ్ళు వాళ్ళ మీదికీ ఆటకు వెళ్ళేవారట. చివరికి దీవులన్నీ ఒక్క జట్టై, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి ఇంగ్లండు వెళ్ళి ఆడొచ్చారట.

మా అన్నయ్య సూరన్న నోరు తెరుచుకుని వినేవాడు. పద్దెనిమిదేళ్ళ వాడు, కొడితే బంతి పుచ్చపాదులు దాటి నీళ్ళలో పడేది.

"మన తెలుగోళ్ళకీ అక్కడో జట్టుందిరా. నీలాంటోడి కోసమే చూత్తన్నారు," అన్నాడు తాత.

అమ్మ భయమంతా దూరం గురించే. తాత ఇసుకలో గీసిన దీవులు మన లంకల్లాగే పక్కపక్కన ఉన్నాయి మరి.

"ఎండాకాలం ఏరు తగ్గితే నడిచొచ్చెయ్యొచ్చా చిన్నాన్నా?"

"ఎందుకు రాడమ్మా! ఏడాదికోసారి వత్తాడు," అన్నాడు, కళ్ళార్పకుండా.

వానలు పడి ఏరు నిండాక, తీరా బయల్దేరే రోజు అన్నయ్యకు గుండె జారింది. పొద్దున్నే వెళ్ళి అరటితోటలో దాక్కున్నాడు. అమ్మ కూడా వెళ్ళకపోతే పోనీలే అంది. అప్పుడు తాత నన్ను పక్కకు పిలిచి, కోటు జేబులోంచి ఎర్ర తోలు బంతి తీశాడు. అలాంటిది మా లంకలో ఎవరూ చూసి ఎరగరు.

"అన్నయ్య ఎక్కడున్నాడో సెప్పు అమ్మడూ, ఇది నీదే."

నేను చేయెత్తి తోట వైపు చూపించాను. తాత లోపలికి వెళ్ళి ఏం చెప్పాడో గాని, అన్నయ్య తన మట్ట బ్యాటు చంకన పెట్టుకుని పడవెక్కాడు. నావైపు చూసి నవ్వాడు కూడా. వాడికి తెలియదు.

ఆరేళ్ళకు, అన్నయ్యతో అదే ఓడలో వెళ్ళిన మా ఊరి వీరన్న దగ్గుతో తిరిగొచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు.

"జట్టూ లేదు, పాడూ లేదండి. దొరలు కొట్టిన బంతి సెరుకులోకి పోతే తెచ్చివ్వడమే మన పని. మీ చిన్నాన్నగారు అన్నేళ్ళూ చేసిందదేనంట. ఒక్కనాడూ బ్యాటు ముట్టుకోనివ్వలేదంట. ఆయన్ని దొరలు తోటలకి మనుషుల్ని పోగెయ్యడానికే పంపేరండి."

"మరి సూరి?" అంది అమ్మ.

"రెండో ఏడే జొరమొచ్చి పోయేడండి. ఆ బ్యాటు అసలు ఓడే ఎక్కలేదు. మదరాసులో ఓడెక్కించే ముందు ఉంచే కూలీల డిపోలో మూటలు లాక్కుని దాన్ని పొయ్యిలో పెట్టేరు. మీ చిన్నాన్నగారు ఆ మంటతోనే చుట్ట ముట్టించుకున్నారండి."

రామన్న తాత మళ్ళీ మా గడప తొక్కలేదు. అమ్మ మాత్రం ఏరు తగ్గిన ప్రతి వేసవిలోనూ, ఎవరెంత చెప్పినా వినకుండా, ఇసుకలో కూర్చుని అవతలి ఒడ్డు చూసేది. నేను చేసిన పని ఆవిడకు చెప్పలేదు. చెప్పే ధైర్యం వచ్చేసరికి ఆవిడ లేదు.

ఆ లంకా లేదిప్పుడు. వరదలకు ఏటేటా కోసుకుపోయి, పుచ్చపాదులు, అరటితోట, మా అరుగు, అన్నీ గోదాట్లో కలిసిపోయాయి. మిగిలింది బంతి ఒక్కటే. తాత నిలబెట్టుకున్న మాట అదొక్కటే. ఇన్నేళ్ళలో ఒక్కసారీ దాన్ని విసరలేదు.

ఇవాళ మనవడు బ్యాటు చెక్కడం పూర్తిచేసి, బంతి కోసం నా పెట్టె కెలికి దాన్ని పట్టుకొచ్చాడు.

"ఇదెవరిది మామ్మా?"

"మా అన్నయ్యదిరా," అన్నాను.

కాదు. అన్నయ్యను పట్టిచ్చినందుకు నాకిచ్చింది.