ఫోను తిప్పి చూపించిన పిల్ల

మా ముత్తాత జమీందారు కొలువులో దివాను. మా తాత చికిటి చుట్టుపట్ల పెళ్లి తగవులు తీర్చిన పెద్దమనిషి. ఆయన వస్తుంటే కూర్చుని ఉన్నవాళ్లు లేచి నిలబడేవారు. ఆ మన్ననలో నాకు మిగిలింది కొంత. అందుకే బరంపురం నుంచి వచ్చిన టీచరమ్మ, పడుచు జంటల మధ్య జరిగే వేధింపుల గురించి తల్లులకూ పిల్లలకూ చెప్పే సభలో నన్ను కూర్చోమంది. ఇవి నలుగురిలో మాట్లాడే మాటలు కావని నా అభిప్రాయం. అయినా వెళ్లాను.

సభ మధ్యలో ఒక పిల్ల ఫోను మోగింది. పదిహేడేళ్లుంటాయి. సూరత్ మగ్గాల్లో పనిచేసే మేనబావ వీడియో కాల్. పుట్టినప్పుడే అనుకున్న సంబంధం. పిల్ల లేచి, ఫోను గదంతా తిప్పి చూపించింది.

"సూపించే, మొగపిల్లలెవులూ నేరని బాగా సూపించు! ఈ ముసలి బాబుని కూడా సూపించు!" అంటూ ఆడవాళ్లు నవ్వారు.

టీచరమ్మ నవ్వలేదు. "ఎత్తకపోతే ఏటవుతాదమ్మా?"

"సెయ్యి కోసుకుంతానంతాడండి. నర్సింగులో సేరొద్దంతన్నాడు. సేరితే సచ్చిపోతాడంట."

నవ్వులు ఆగిపోయాయి.

"మేనమావ కొడుకు కదమ్మా, ఆడికి హక్కుంతాది," అంది తల్లి, మెల్లగా.

"ఆడు సెడ్డోడని అన్నేదు. ఊరుగాని ఊర్లో ఆడికీ బయమే. కానీ బయపెట్టి సదువు మానిపించడం పేమ కాదమ్మా," అంది టీచరమ్మ.

తల్లి నా వైపు చూసింది. సంబంధాల విషయంలో ఇప్పటికీ మా ఇంటి మాట అడుగుతారు.

"మేనరికం మనం అనుకున్నాం. పిల్లనెవులూ అడగలేదు," అన్నాను. "అది సదువుతాది. ఆడి తండ్రితో నాను మాటాడతాను. కుర్రాణ్ణి ఒక్కణ్ణీ ఒగ్గీకండి, ఊరికి రప్పించండి."

ఫోను మళ్లీ మోగింది. పిల్ల దాన్ని ఒళ్లో బోర్లా పెట్టుకుంది.

బయటికి వస్తుంటే తల్లి నా వెనకే వచ్చింది. "బాబూ, హాస్టలంటే ఆడు ఎతుక్కుంటూ వచ్చీగలడు. బరంపురం అంకులిలో మీ ఇంట్లో ఉంచుతారేటి? మా అప్ప అక్కడుండే సదివింది."

ఇంటి మాట ఎత్తకుండా, హాస్టలుకు నేనే వస్తానని, వార్డెనుకు అంతా చెప్పి సంరక్షకుడిగా సంతకం పెడతానని అన్నాను. అలాగే పెట్టాను.

అంకులి ఇల్లు కిందటేడే అమ్మేశాం.